పాత క్లారినెట్‌కి బ్యారెల్: 66 అని ఉన్నవన్నీ ఒకటే 66 కాదు

[దగ్గరి షాట్: గుడ్డ మీద రెండు నల్ల బ్యారెల్స్, పక్కన వెర్నియర్ కాలిపర్]

పాత క్లారినెట్ ఒకటి కొన్నారు. ప్యాడ్లు మార్పించారు, కార్కులు వేయించారు. శ్రుతి మాత్రం కుదరడం లేదు. చూస్తే బ్యారెల్ (మౌత్‌పీస్‌కీ పై జాయింట్‌కీ మధ్య ఉండే పొట్టి గొట్టం ముక్క) దానిది కాదు, ఎవరో తగిలించినది. "66 మిల్లీమీటర్ల పొడవుది ఇంకోటి కొనేస్తే సరి" అంటారు చాలామంది. కొనే ముందు పది నిమిషాలు ఈ కొలతలు తీయండి.

ముందు పొడవు. బ్యారెల్ పెరిగితే శ్రుతి దిగుతుంది, కానీ అన్ని స్వరాలకీ ఒకేలా దిగదు. బి ఫ్లాట్ క్లారినెట్‌లో వేళ్లన్నీ ఎత్తి వాయించే జి-కి పనిచేసే గాలి పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అన్నీ మూసి వాయించే కింది ఇ-కి సుమారు 59. అందుకే బ్యారెల్‌ని ఒక్క మిల్లీమీటరు బయటికి లాగితే జి 7 సెంట్ల దాకా దిగుతుంది, ఇ 3 సెంట్లే దిగుతుంది. (సెమీటోన్‌కి 100 సెంట్లు.)

[షాట్: ట్యూనర్ 440 దగ్గర, ఓపెన్ జి, తర్వాత కింది ఇ]

వాయిద్యాన్ని బాగా వేడెక్కే దాకా వాయించి, ఈ రెండు స్వరాలూ చూడండి. జి, ఏ, బి ఫ్లాట్ మాత్రమే ఎక్కి, కింది స్వరాలు సరిగ్గా ఉంటే బ్యారెల్ పొట్టిది. ఒక మిల్లీమీటరు పొడవైనది చాలు. అన్నీ కాస్త కాస్త ఎక్కి ఉంటే బ్యారెల్ మార్చకండి. బ్యారెల్ దగ్గర కొంచెం, నడుమ జాయింట్ దగ్గర కొంచెం లాగండి.

అన్నీ దాదాపు 50 సెంట్లు ఎక్కి ఉన్నాయంటే అది వేరే జబ్బు. బ్రిటిష్ సైనిక బ్యాండ్లు 1920ల చివరి దాకా హెచ్చు శ్రుతిలో, అంటే ఏ స్వరం సుమారు 452 హెర్ట్జ్ దగ్గర (ఇప్పుడు 440) వాయించేవి. అలాంటి క్లారినెట్ ఇప్పటిదాని కంటే రెండు సెంటీమీటర్ల దాకా పొట్టిగా ఉంటుంది. కొన్నింటి మీద హెచ్‌పి (హై పిచ్) అని ముద్ర కూడా ఉంటుంది. దానికి పొడవు బ్యారెల్ వేస్తే? కింది ఇ-ని 440కి దించాలంటే 16 మిల్లీమీటర్లు కలపాలి. అప్పుడు జి అర సెమీటోన్ కంటే ఎక్కువే కిందికి పోతుంది. రంధ్రాలన్నీ పొట్టి గొట్టానికి లెక్కేసి తొలిచినవి. బ్యారెల్ వాటిని జరపలేదు. కీబోర్డు పక్కన వాయించే బ్యాండులో ఇలాంటిది పనికిరాదు. ఎంత చవకగా వచ్చినా కొనకండి.

[దగ్గరి షాట్: బ్యారెల్ అడుగు నుంచి లోపలికి టార్చి]

ఇప్పుడు అసలు సంగతి, సాకెట్. బ్యారెల్‌కి రెండు వైపులా సాకెట్లు, అంటే గుంటలు ఉంటాయి. వాటిలోకి దూరే, కార్కు చుట్టిన సన్నటి కొస టెనన్. పైన మౌత్‌పీస్ టెనన్, కింద పై జాయింట్ టెనన్ దిగుతాయి. సాకెట్ లోతునీ టెనన్ పొడవునీ కాలిపర్ తోకతో విడివిడిగా కొలవండి. సాకెట్ ఒకటిన్నర మిల్లీమీటర్లు లోతెక్కువైతే, బయట అంతా బిగుసుకున్నట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం చుట్టూ ఒక గాడి మిగిలిపోతుంది. జి, ఏ, బి ఫ్లాట్ అక్కడే దిగిపోతాయి, నిలకడగా ఉండవు. ఆ ఖాళీలో అంతే మందం ట్యూనింగ్ రింగ్ (ఖాళీ పూడ్చే పలచటి రింగు) వేస్తే సరిపోతుంది. సాకెట్ లోతు తక్కువైతే టెనన్ అడుగు తగిలి బయట సందు మిగులుతుంది. ఆ సందుని కార్క్ మీద కోపంతో నొక్కి మూయాలని చూడొద్దు, చెక్క చీలుతుంది.

మూడోది లోపలి వ్యాసం, అంటే బోర్. బూసీ అండ్ హాక్స్ కంపెనీ 1010 మోడల్ క్లారినెట్ బోర్ 15.2 మిల్లీమీటర్ల పైమాటే. 1955లో వచ్చిన బుఫే కంపెనీ ఆర్13 మోడల్‌ది అంతకంటే సన్నం, సుమారు 14.6 - 14.7. ఆర్13కి చాలామంది వాడే మోనిగ్ బ్యారెల్ లోపల పైన వెడల్పు, కిందికి వచ్చేసరికి సన్నం. అదే 66ని తీసుకెళ్లి 1010కి తగిలిస్తే జాయింట్ దగ్గర మెట్టు పడుతుంది. కింది రిజిస్టర్‌కీ (కింది స్వరాల వరసకీ) పై రిజిస్టర్‌కీ పొంతన పోతుంది. 1010కి మౌత్‌పీస్ కూడా దాని వెడల్పు బోర్‌దే కావాలి. ఈ తప్పు మౌత్‌పీస్‌లో ఉంటే ఎన్ని బ్యారెల్స్ మార్చినా తీరదు, అందుకే ముందు మౌత్‌పీస్ చూడండి.

నంబర్ల గురించి ఒక్క మాట. పై జాయింట్, కింది జాయింట్ మీద ఒకే సీరియల్ నంబరు ఉండాలి. వేర్వేరైతే రెంటినీ కలిపే బ్రిడ్జ్ కీ సరిగ్గా కూర్చోకపోవచ్చు. బ్యారెల్ మీద మామూలుగా నంబరు ఉండదు, కంపెనీ ముద్ర మాత్రమే. ఏ క్లారినెట్, బి ఫ్లాట్ క్లారినెట్ రెండూ ఒకే పెట్టెలో ఉంటే బ్యారెల్స్ తారుమారవడం తరచూ జరిగేదే.

[దగ్గరి షాట్: వేలితో తిప్పితే గిర్రున తిరిగే వెండి రింగు]

చివరగా బ్యారెల్ అంచున ఉండే లోహపు రింగు. చేత్తో తిప్పితే తిరుగుతోందంటే చెక్క ఎండి కుదించుకుపోయింది. ఆ స్థితిలో టెనన్ దూరిస్తే సాకెట్ అంచున పగులు పడుతుంది. రింగు తీసి, కింద పలచటి కాగితం చుట్టి, బిగుతుగా ఎక్కించాకే వాయించండి. వానాకాలంలో ఇదే చెక్క ఉబ్బి టెనన్ బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పకుండా ఒక రోజు ఆరనివ్వండి.