ర్యామ్ లోపాన్ని పట్టుకోవడం ఎలా?

సభకు నమస్కారం.

కంప్యూటరు పనిచేసేటప్పుడు సమాచారాన్ని తాత్కాలికంగా ఉంచుకునే ర్యామ్ చెడిపోతే ఆ సంగతి నేరుగా బయటపడదు. ఒకరోజు బ్రౌజరు తనంతట తానే మూసుకుపోతుంది, మరొకరోజు విండోస్ ఆగిపోయి నీలి తెర వస్తుంది, ఇంకొకరోజు నిన్నటిదాకా చక్కగా తెరుచుకున్న జిప్ ఫైలు పాడైందని సందేశం కనిపిస్తుంది. మనం ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఎక్కిస్తాం, వైరస్ కోసం వెతుకుతాం, చివరికి ఏ పాపమూ ఎరగని హార్డ్ డిస్కును కూడా మార్చేస్తాం. సాఫ్ట్‌వేర్ తప్పు సాధారణంగా ఒకే పని దగ్గర పదేపదే దొరుకుతుంది. దోషం ప్రతిసారీ కొత్త చోట తేలుతుంటే మాత్రం నేను ముందుగా ర్యామ్‌నే అనుమానిస్తాను.

మన కంప్యూటర్లలో ర్యామ్‌గా వాడే డీర్యామ్‌లో ఒక్కో బిట్టూ, అంటే ఒక్కో 0 లేదా 1, ఒక చిన్న కెపాసిటరులో నిలిచిన విద్యుదావేశం. అది కారిపోతూనే ఉంటుంది కనుక సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి వరుసనూ చదివి తిరిగి నింపాలి. ఒక కెపాసిటరు ఆ గడువుదాకా నిలవలేదనుకోండి, 65 అనే సంఖ్యగా దాచిన ఇంగ్లిషు పెద్ద ‘ఎ’ అక్షరం 64గా, అంటే ఈమెయిలు చిరునామాలో వాడే ‘యట్’ గుర్తుగా, తిరిగి రావచ్చు. వేడెక్కితే ఈ కారడం ఎక్కువవుతుంది. చల్లగా ఉన్నప్పుడు పరీక్షలో నెగ్గిన స్టిక్ (ర్యామ్ చిప్‌లున్న పలక) రెండు గంటల పని తర్వాత తప్పడం అందుకే.

పరీక్షకు మెమ్‌టెస్ట్86 ప్లస్ వంటి ప్రోగ్రామును పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుండగా చేసే పరీక్ష, అది ఆక్రమించిన భాగాన్ని తాకలేదు. ఒక్క విడత నెగ్గితే చాలదు, రాత్రంతా నడవనివ్వండి. ఎన్ని తప్పులు వస్తే ఫరవాలేదని అడుగుతుంటారు. ఒక్కటి వచ్చినా ఫరవా ఉన్నట్టే.

అయితే తప్పు కనబడగానే స్టిక్‌ను పారేయనక్కర్లేదు. బయోస్‌లో, అంటే కంప్యూటరు ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాము సెట్టింగుల్లో, ఎక్స్‌ఎంపీ వంటి వేగం పెంచే ప్రొఫైల్‌ను ఆపి మళ్లీ పరీక్షించండి. తర్వాత పవర్ తీసేసి, స్టిక్‌లను ఒక్కొక్కటిగా ఒకే స్లాట్‌లో పెట్టి చూడండి. తప్పు స్టిక్ వెంట వెళ్తే స్టిక్‌ది. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో వస్తుంటే మదర్‌బోర్డునో, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌నో చూడాలి. ఒకేసారి రెండు మార్పులు చేశామా, దేనివల్ల బాగైందో ఎప్పటికీ తేలదు.

ర్యామ్ మార్చినంత మాత్రాన, అది చెడి ఉన్న రోజుల్లో డిస్కులోకి చేరిన తప్పులు సరికావు. ఆ రోజుల్లో కాపీ చేసిన ఫైళ్లనూ, తీసిన బ్యాకప్‌లనూ పాత ప్రతుల చెక్‌సమ్‌లతో (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్యలతో) పోల్చి చూసుకోవాలి.