కవెస్కార్లు ఎందుకు వెళ్ళిపోయారు?

అందరికీ నమస్కారం. ఓడ పగిలినవాళ్ళ కథల్లో తుఫాను గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం. ఆ ఒడ్డున అప్పటికే ఎవరున్నారు, వాళ్ళతో వీళ్ళు ఎలా మసిలారు అన్నది వెనక్కి పోతుంది. ఇవాళ నేను ఆ సంగతే చెప్తాను.

1741 మే 14న బ్రిటిష్ యుద్ధనౌక వేజర్ ఇప్పటి చిలీ దేశపు పటగోనియా తీరంలో రాళ్ళకు కొట్టుకుంది. సుమారు 140 మంది ఒక దీవికి చేరారు. చలి, ఎడతెగని వాన, కడుపు నింపని అడవి ఆకులు. ఓడలోంచి బయటికి తెచ్చుకున్న కాస్త తిండి కోసం కొట్లాటలు. కెప్టెన్ డేవిడ్ చీప్ ఒక కుర్ర అధికారిని తుపాకీతో కాల్చాడు, అతను బతకలేదు.

అలాంటి చోటికి ఆ తీరపు ఆదివాసులైన కవెస్కార్లు చిన్న పడవల్లో ఆల్చిప్పలు తెచ్చారు. తర్వాత పిల్లాజెల్లాతో వచ్చి పక్కనే గుడిసెలు వేసుకున్నారు. ఆ తీరపు స్త్రీలు బుట్టను పళ్ళతో కరచుకుని, గడ్డకట్టించే నీళ్ళలోకి దూకి, ముళ్ళ గుల్లలనే సముద్రజీవులను ఏరుకొచ్చేవారు. ఆ నీళ్ళలో అన్నం పుట్టించగలిగింది వాళ్ళే. నావికులు కవెస్కార్ల భార్యల వెంటపడ్డారు. కొన్నాళ్ళకే కవెస్కార్లు సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. ఎందుకు పోయారో అందరికీ తెలుసని ఆ ఓడలోని కుర్రాడు జాన్ బైరన్ తర్వాత రాశాడు. తిండి దొరికే దారిని చేతులారా మూసుకున్నారని నేనంటాను.

ఆ అక్టోబరులో 81 మంది కెప్టెన్‌ను కాదని సొంతంగా పడవెక్కారు. కొందరు వెనక్కి తిరిగారు, చాలామంది దారిలోనే పోయారు. బ్రెజిల్ చేరింది 30 మంది.

దీవిలో మిగిలినవాళ్ళలో కొందరిని కాపాడింది మార్టిన్, చోనో అనే మరో ఆదివాసి తెగ నాయకుడు. ఉత్తి దయ అనను. దారి చూపితే తమ పడవ ఇస్తామని నావికులు ఆయనతో బేరం కుదుర్చుకున్నారు. ఆరుగురు నావికులు ఆ పడవనే ఎత్తుకుపోయారు. అయినా మార్టిన్ మిగిలిన ఐదుగురిని వెంటబెట్టుకుని చిలీ తీరంలోని చిలోయే దీవికి దారి చూపాడు. ఒకరు దారిలో చనిపోయారు. ఆ ప్రయాణంలోనే ఒక రాత్రి చలికి వణుకుతూ బైరన్ ఒక గుడిసెలోకి పాక్కుంటూ వెళ్ళాడు. లోపలున్న ఇద్దరు ఆడవాళ్ళు నిప్పు రాజేసి, చేపను కాల్చి పెట్టి, పడుకోవడానికి చోటిచ్చారు. అతనెవరో వాళ్ళకు తెలియదు, భాషా తెలియదు.

బైరన్, చీప్ 1746లో ఇంగ్లాండ్ చేరారు. నౌకాదళ కోర్టు ఓడ ఎలా పగిలిందన్న విషయం వరకే విచారించింది.