సౌండ్‌ప్రూఫ్ కిట్: ఫోమ్ దండగ, తలుపు పట్టీ పండగ

నమస్కారం. గదిలోకి బయటి శబ్దం రాకుండా ఆపుతుందని చెప్పే ఈ కిట్‌ను కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బు మాత్రం ఇవ్వలేదు కాబట్టి తిట్టే హక్కు నాకుంది. పెట్టెలో గోడకు అతికించే ఫోమ్ పలకలు, తలుపు అడుగున బిగించే పట్టీ ఉన్నాయి. కొలతలన్నీ చదవను.

ముందు ఈ నల్ల ఫోమ్ పలకలు. బయటి శబ్దం లోపలికి రాదని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేశారు. శుద్ధ అబద్ధం! ఫోమ్ గదిలోని ప్రతిధ్వనిని పీల్చుకుంటుంది, అంతే. నా గొంతు రికార్డింగులో శుభ్రంగా వస్తోంది, కాదనను. గోడ అవతల మిక్సీ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. శబ్దాన్ని ఆపేది బరువు, గాలి చొరబడని బిగింపు. దీనికి రెండూ లేవు. పైగా మంటలను తట్టుకునే రకమో కాదో ఎక్కడా రాయలేదు. మామూలు పాలీయురేథేన్ ఫోమ్ అంటుకుంటే విషపు పొగ వస్తుంది.

ఇక కిట్ అడుగున పడేసిన ఈ అల్యూమినియం పట్టీ చూడండి. అసలు సరుకు ఇదే! పాత ఇళ్లలో ప్రతి గదికీ గడప ఉండేది. ఇప్పటి ఫ్లాట్లలో పడక గదికి గడప కట్టడం మానేశారు, తలుపు కింద సందు మిగిలింది. ఏడడుగుల తలుపుకు అరంగుళం సందంటే ఒక శాతం కూడా కాదు. కానీ అది ఉన్నంతకాలం, ఎంత బరువైన టేకు తలుపైనా మొత్తం మీద 22 డెసిబెల్స్‌కు మించి శబ్దాన్ని ఆపడం దాని వల్ల కాదు.

బందుల వైపు ఈ చిన్న మీట ఉంది కదా. తలుపు మూయగానే దారబందం దాన్ని నొక్కుతుంది, లోపలి రబ్బరు కిందికి దిగి నేలను పట్టుకుంటుంది. తెరిస్తే పైకి లేస్తుంది. ఇదిగో, మళ్లీ చూడండి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు! ఇంతకుముందు గుడ్డ తొడుగు రకం వాడాను. నేల తుడిచినప్పుడల్లా తడిసేది, ఇంట్లో జుట్టంతా దానికే చుట్టుకునేది.

హాల్లో టీవీ సీరియల్ ఇప్పుడు గొణుగుడుగా మారింది. కుక్కర్ విజిల్ కూడా బాగా తగ్గింది. వినాయక నిమజ్జనం డీజే మాత్రం దీనికి లొంగదు. ఆ బేస్ గోడల్లోంచే వస్తుంది. స్లైడింగ్ కిటికీల పట్టాల్లో సందులకు ఈ కిట్‌లో ఏమీ ఇవ్వలేదు.

పట్టీ ఒక్కటే అమ్ముతారా అని అడిగాను. అమ్మరట. అయితే కిట్ కొనకండి. ఇలాంటి పట్టీనే డ్రాప్ సీల్ అంటారు, హార్డ్‌వేర్ దుకాణంలో ఆ పేరుతో అడగండి, తలుపు వెడల్పు కొలుచుకుని వెళ్లండి.