సిమెంటు ఎండి గట్టిపడదు: ఇంట్లో చేసుకునే ఫోను ఛార్జింగ్ స్టాండు

[బల్ల మీద సిమెంటు స్టాండు, దానిలో ఫోను. కెమెరా దగ్గరగా.]

నమస్కారం. ఈ స్టాండు ఎలా చేయాలో ఈ రోజు చూపిస్తాను. దానికంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. సిమెంటుతో కుండీలు, స్టాండులు చేయడం నేర్పేవాళ్లలో చాలామంది పోత పూర్తి కాగానే "దీన్ని ఎండలో పెట్టండి, బాగా ఎండితే గట్టిపడుతుంది" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అది నమ్మి ఎండలో పెట్టినవాళ్ల వస్తువులే అంచులు రాలి, బీటలు వారి చెత్తబుట్టలో పడుతున్నాయి.

ఇంటికి స్లాబు వేశాక మేస్త్రి ఏం చేయిస్తాడు? దాని మీద మడులు కట్టించి నీళ్లు నిలబెట్టిస్తాడు. ఎండితేనే గట్టిపడే పదార్థానికి రోజుల తరబడి అన్ని నీళ్లెందుకు? నదుల మీద వంతెనలు కట్టేటప్పుడు బావి పునాదుల అడుగున కాంక్రీటును నీటిలోనే పోస్తారు. అది అక్కడ ఎండేదెప్పుడు?

పాలు తోడుకోవడం గుర్తు చేసుకోండి. రాత్రి తోడు వేసి మూత పెడతాం, తెల్లారేసరికి పెరుగు గడ్డకడుతుంది. పాలలో ఉన్న నీరంతా గిన్నెలోనే ఉంది, ఆవిరై ఎటూ పోలేదు. లోపల ఒక మార్పు జరిగింది కాబట్టి గట్టిపడింది. సిమెంటు కూడా అంతే, తోడుకుంటుంది. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో కలిసి కొత్త పదార్థంగా మారి, ఇసుక రేణువులను పట్టి బిగిస్తాయి. ఈ చర్య పూర్తయ్యేసరికి సిమెంటు బరువులో దాదాపు 23 శాతం నీరు ఆ రాయిలో భాగమైపోతుంది. ఎండలో పెట్టామంటే ఆ పనికి కావలసిన నీటినే లాగేసుకున్నట్టు.

[తెర మీద పెరుగు గిన్నె, పక్కన పోత పోసిన అచ్చు.]

ఈ పెరుగు గిన్నెను మనసులో ఉంచుకోండి, దీనితో మనకు ఇంకా పని ఉంది.

ఇప్పుడు స్టాండు. ప్లాస్టిక్‌వి చవకగా దొరుకుతుంటే సిమెంటు ఎందుకంటే, బరువు కోసం. ఫోనును ఒక చేత్తో పెట్టాలి, ఒక చేత్తో తీయాలి. యూఎస్‌బీ-సి ప్లగ్గును ఊడదీయడానికి 8 నుంచి 20 న్యూటన్ల బలం కావాలని దాని ప్రమాణం చెబుతోంది. 20 న్యూటన్లంటే సుమారు 2 కిలోల బరువు. స్టాండు అంతకంటే బాగా తేలికైతే ఫోనుతో పాటు అదీ పైకి లేస్తుంది, రెండో చెయ్యి వేసి పట్టుకోవాలి. అందుకే నేను 2 కిలోలకు లెక్క వేశాను. సిమెంటు స్టాండులో నాకు అన్నిటికంటే నచ్చే గుణం ఇదే. చూడటానికి బాగుంటుందన్నది ఆ తర్వాతి మాట.

కొలతలు రాసుకోండి. వెడల్పు 110 మిల్లీమీటర్లు, లోతు 110, ఎత్తు 80. పైన ఫోను నిలబడే గాడి 14 మిల్లీమీటర్ల వెడల్పు, 15 లోతు. కవరుతో కలిపి మీ ఫోను మందం కొలిచి, రెండు మిల్లీమీటర్లు కలిపి గాడి వెడల్పు పెట్టండి. గాడి స్టాండు ముందు అంచు నుంచి 50 మిల్లీమీటర్ల దూరంలో, నిలువుకు 15 డిగ్రీలు వెనక్కి వాలి ఉండాలి. గాడి మధ్యలో నుంచి కిందకు 15 మిల్లీమీటర్ల గొట్టం దారి. అడుగున ఆ దారి నుంచి వెనక గోడ వరకు కేబుల్‌కు ఒక కాలువ, 15 మిల్లీమీటర్ల లోతున.

ఇక్కడ ఎక్కువమంది తప్పు చేసే చోటు ఒకటుంది. గాడిని వాలుగా పెడతారు, గొట్టాన్ని మాత్రం నిటారుగా పెడతారు. అప్పుడు ప్లగ్గు ఒక కోణంలో, ఫోను ఇంకో కోణంలో ఉంటాయి. ఫోను పెట్టిన ప్రతిసారీ ఛార్జింగ్ రంధ్రం మీద పక్క ఒత్తిడి పడి కొంతకాలానికి అది వదులైపోతుంది. గాడి, గొట్టం ఒకే గీత మీద ఉండాలి. ఫోను బరువు గాడి అడుగు మీద పడాలి, ప్లగ్గు మీద పడకూడదు.

ఇంకొక మాట, కేబుల్‌ను సిమెంటులో పెట్టి పోత పోయకండి. కేబుల్ పాడైన రోజున స్టాండు పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

[చేతులు దగ్గరగా: సన్‌మైకా ముక్కలతో అచ్చు బిగిస్తూ.]

అచ్చుకు సన్‌మైకా అంటించిన ప్లైవుడ్ ముక్కలు చాలు, వడ్రంగి దగ్గర మిగిలినవి దొరుకుతాయి. నున్నటి ముఖం లోపలికి. స్టాండును తలకిందులుగా పోస్తాం, అంటే అచ్చు అడుగే రేపు స్టాండు పైభాగం. తలకిందుల పనిలో ముందు వెనకలు తారుమారవడం చాలా తేలిక కాబట్టి అచ్చు బయటి పలక మీద "ముందు" అని పెన్నుతో రాయండి. గాడి కోసం థర్మోకోల్ ముక్కను వాలుగా కోసి, ప్లాస్టిక్ టేపు చుట్టి అడుగుకు గట్టిగా అంటించండి. సరిగా అంటకపోతే బరువైన మాలు, అంటే సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద పోయగానే అది ఊడి పైకి తేలుతుంది. దాని మీద గొట్టం ముక్క. మూలలకు సిలికాన్ పట్టించి వేలితో నునుపు చేయండి. లోపలంతా వంటనూనెను గుడ్డతో పలచగా రుద్దండి. నూనె ఎక్కువైతే పోత మీద గుంటలు పడతాయి.

మాలు: 600 గ్రాముల సిమెంటు, 1200 గ్రాముల జల్లించిన పొడి ఇసుక, 270 మిల్లీలీటర్ల నీళ్లు. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. తడి సిమెంటు క్షారగుణం చర్మాన్ని కాలుస్తుంది. నీళ్లను కొలిచి పోయండి. కలపడం కష్టంగా ఉందని ఇంకో గ్లాసు పోయాలనిపిస్తుంది, పోయకండి. పాలలో నీళ్లు కలిపి తోడు వేస్తే పెరుగు ఎలా ఉంటుందో తెలుసు కదా, పలచగా, నీళ్లోడుతూ. మాలులో ఎక్కువైన నీరు తర్వాత బయటకు పోయి సన్నటి ఖాళీలు మిగులుస్తుంది, రాయి గుల్లవుతుంది.

కొంచెం కొంచెంగా పోస్తూ, అచ్చు పక్కల రబ్బరు సుత్తితో తట్టండి. బుడగలు పైకి వచ్చి పగలడం కనిపిస్తుంది. చివరగా కేబుల్ కాలువ కోసం టేపు చుట్టిన కర్రముక్కను పైనుంచి అదమండి. గొట్టం నోటిని తాకేలా చూసుకోండి.

ఆ తర్వాత కదపకండి. తోడు వేసిన గిన్నెను అర్ధరాత్రి కదిపితే పెరుగు విరుగుతుంది. ఇదీ అంతే, ఒకసారి పట్టుకోవడం మొదలయ్యాక కదిలిస్తే లోపల కట్టుకున్నది తెగుతుంది. సాధారణ సిమెంటు 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదని, 10 గంటలు దాటకుండా బిగుసుకోవాలని మన ప్రమాణాల్లో ఉంది. కాబట్టి పోత, తట్టడం అన్నీ ఆ మొదటి అరగంటలోనే. అచ్చు మీద ప్లాస్టిక్ కాగితం కప్పి నీడలో పెట్టండి. చలికాలంలో పెరుగులాగే సిమెంటూ ఆలస్యం చేస్తుంది, తొందరపడి అచ్చు విప్పవద్దు. మామూలు రోజుల్లో 24 గంటలు ఆగితే చాలు.

విప్పాక నేరుగా బకెట్ నీటిలో ముంచండి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెప్పే, తడిగా ఉంచాల్సిన కనీస గడువు మామూలు సిమెంటుకు 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీ వంటి వాటికి 10 రోజులు. సంచీ మీద ఏ రకమో చూసుకోండి. ఇక్కడ మాత్రం పెరుగుతో పోలిక ఆగిపోతుంది. పెరుగు రోజులు గడిస్తే పులుస్తుంది, సిమెంటు బలపడుతూనే ఉంటుంది. 53 గ్రేడు అన్న అంకె కూడా 28 రోజులకు వచ్చే బలాన్ని బట్టి పెట్టినదే.

[గడియారం వైపు చూస్తూ.]

సమయం దగ్గర పడింది, మిగిలినవి గబగబా చెబుతాను. నీటిలోంచి తీశాక నీడలో కొన్ని రోజులు ఆరనివ్వండి. ఇప్పుడు ఆరబెట్టడం తప్పు కాదు, రాయి అయిపోయింది కనుక తేమ పోవడానికే ఇది. తెల్లటి పూత కనిపిస్తే పొడి బ్రష్‌తో రుద్దండి. అంచులకు తడి ఎమరీ కాగితం. గాడి లోపల, అడుగున పలచటి ఫెల్ట్ గుడ్డ అంటించండి. లేకపోతే ఫోనుకూ బల్లకూ గీతలు పడతాయి. ప్లగ్గు చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కింద నుంచి గొట్టంలోకి బిగించండి, ఫోను తీసినప్పుడు ప్లగ్గు వెంట రాకూడదు.

వైర్‌లెస్ ఛార్జింగ్ గురించి అడిగేవాళ్లకు: ప్యాడ్‌ను సిమెంటు వెనక దాచకండి, కొన్ని మిల్లీమీటర్ల దూరానికే ఛార్జింగ్ మందగిస్తుంది. లోపల ఇనుప జాలీ అసలే వద్దు, అది వేడెక్కుతుంది. ప్యాడ్ పైకి కనిపించేలా గుంటలో కూర్చోబెట్టాలి. ఆ అచ్చు కొలతలు పూర్తిగా వేరు, వాటిని ఇంకో వీడియోలో చెబుతాను.