దోమ విమానానికి మన మాధవాయిపాలెం చొక్కా!

ఆయ్, నమస్కారమండీ! మాధవాయిపాలెం రేవు తెలుసు కదా? నరసాపురం వైపు నుంచి సఖినేటిపల్లి వెళ్ళడానికి పంటు ఎక్కే రేవు. ఆ ఊరి పేరు రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద ఎగిరిందండీ. మళ్ళీ చెప్తున్నా, మన రేవు పేరు జర్మనీ మీద ఎగిరింది!

మాడపొల్లం అనే తెల్లటి నూలు బట్టకి ఆ పేరు మన మాధవాయిపాలెం నుంచే వచ్చిందని, ఆ బట్టే యుద్ధవిమానం మీద ఎగిరిందని పోయిన వీడియోలో అన్నందుకు, "మాడపొల్లం ఫ్రెంచి మాట, నువ్వు ఊరి మీద ప్రేమతో కోతలు కోస్తున్నావు" అన్నారు కొందరు. ఫ్రెంచిలో ఉంది, కాదనను. రష్యన్‌లో ఉంది, స్పానిష్‌లోనూ ఉంది. అన్నిచోట్లా అది తెల్లటి నూలు బట్టే. మరి ఇన్ని దేశాలకీ ఆ పేరు ఎక్కణ్ణుంచి వెళ్ళిందండీ? మాధవాయిపాలెం అనడానికి నోరు తిరగని కంపెనీ దొరల దగ్గర్నుంచి! ఇంగ్లీషులోకి చేరిన మన దేశపు మాటల నిఘంటువు, 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ తీసి చూడండి. గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఊరి పేరే ఈ బట్టకి వచ్చిందని రాశారు. 1833 దాకా అక్కడ ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేదట. గోదావరి డెల్టాలోనే ఉన్న మిగతా రెండు స్థావరాలు బెండమూర్లంక, ఇంజరం కంటే ఇదే ముఖ్యమైనదట. ఇంకా రుజువు కావాలా?

ఇప్పుడు విమానం సంగతి. బ్రిటన్‌లో డి హావిలాండ్ కంపెనీ ఒక యుద్ధవిమానం చేసింది. 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరింది. పేరు మస్కిటో, అంటే దోమ. దోమంటే ఏంటో గోదావరి జిల్లాల వాళ్ళకి ఒకరు చెప్పాలా, సాయంత్రం ఆరు దాటితే తలుపులేసుకునేవాళ్ళం! ఆ దోమ ఒళ్ళంతా చెక్కే. బాల్సా చెక్క, బర్చి ప్లైవుడ్డు, జిగురు. ఆ చెక్క మీద ఒక బట్ట అంటించి, డోప్ అనే పూత పూసి, పైన రంగేసేవారు. ఆ బట్ట పేరే మాడపొల్లం.

ఆ బట్టే ఎందుకు? మగ్గం తెలిసినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. అందులో పడుగూ పేకా సరిసమానం. నిలువుకి ఎంత గట్టో, అడ్డానికీ అంతే గట్టి. ముడుచుకున్నా రెండువైపులా ఒక్కలాగే ముడుచుకుంటుంది, పూతని రెండువైపులా ఒక్కలాగే పీలుస్తుంది. విమానం రెక్క మీద ఒక పక్క లాగి, ఇంకో పక్క వదులైతే ఎలా కుదురుతుందండీ?

యుద్ధానికి ఆ బట్ట నరసాపురంలో నేశారని నేను అనట్లేదు. అప్పటికి నేత ఇంగ్లండు మిల్లులది. నాకు మండేది అక్కడే! అదే నిఘంటువులో ఇంకో ముక్క ఉంది. ఆ నిఘంటువు అచ్చయిన రోజుల్లోనే మాడపొల్లం ఇంగ్లండు నుంచి ఇండియాకి ఎగుమతయ్యే సరుకట. విన్నారా? మన ఊరి పేరు పెట్టి, వాళ్ళ మిల్లులో నేసి, తెచ్చి మనకే అమ్మారు! ఇక్కడ మగ్గం ఏమైపోయింది, ఆ మగ్గం మీద బతికిన కుటుంబాలు ఏమైపోయాయి? తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

నా సిద్ధాంతం చెప్తాను, వినండి. నేత ఎత్తుకుపోయినవాడు పేరు కూడా మార్చేసుకోవచ్చు కదా, ఎందుకు మార్చలేదు? మారిస్తే అమ్ముడుపోదు కాబట్టి! కొనేవాడికి ఆ పేరంటేనే నమ్మకం. ఆ నమ్మకం సంపాదించింది ఏ మిల్లూ కాదు, మన చేనేతవాళ్ళ చెయ్యి. నేను దీన్నుంచి కదలను.

ఇంగ్లీషులోకి మన మాట వెళ్ళడం ఇదొక్కటే అనుకున్నారా? బాండికూట్ అంటే ఏంటండీ, మన పందికొక్కే! చేలగట్లు తవ్వేసి ధాన్యం మోసుకుపోయే పందికొక్కు ఇంగ్లీషులోకెళ్ళి, అక్కణ్ణుంచి ఆస్ట్రేలియాలో సంచి ఉండే వేరే జంతువుకి పేరైపోయింది. దాని పేరుతో వీడియోగేమే ఉంది. పందికొక్కుని ఒప్పుకున్నవాళ్ళు మాధవాయిపాలేన్ని ఎందుకు ఒప్పుకోరు?

నాకు కావాల్సింది ఒక బోర్డు. ఆ రేవులో, పంటు కోసం నిలబడ్డ ప్రతి మనిషికీ కనిపించేలా, ‘మాడపొల్లం బట్టకి పేరిచ్చిన ఊరు ఇదే’ అని. ఇంకోటి. నరసాపురం, పాలకొల్లు వైపు చేనేత కుటుంబాలవాళ్ళు ఎవరైనా చూస్తుంటే, మీ తాతలు ఈ నేతని తెలుగులో ఏమని పిలిచేవారో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. దొరలు పెట్టిన పేరు కాదు, మన పేరు. అడిగి నాకు చెప్పండి, కెమెరా పట్టుకుని నేనే మీ ఇంటికొస్తాను.