ప్లేయరు దోసె పెనం కాదు

(బల్ల మీద అరచేతిలో పట్టేంత మ్యూజిక్ ప్లేయరు, పక్కనే నల్లటి ఇనుప పెనం)

నమస్కారం. పెనం ఇక్కడ ఎందుకు ఉందో చెబుతాను. ముందు మా తమ్ముడి సంగతి వినండి.

పోయిన నెల వాడు కొత్త మ్యూజిక్ ప్లేయరు కొన్నాడు. ధర చెప్పను, మా అమ్మ ఈ వీడియోలు చూస్తుంది. మూడో రోజు రాత్రి వాడి గదిలోని బీరువాలో నుంచి సన్నగా ‘ష్’ మని చప్పుడు. తలుపు తీసి చూస్తే చొక్కాల మధ్య తువ్వాలు చుట్టిన హెడ్‌ఫోను, దానికి తగిలించిన ప్లేయరు, చార్జరు తీగ. “అన్నయ్యా, ముట్టుకోకు! ఇంకా నూట నలభై గంటలు ఉంది” అన్నాడు. మొత్తం 200 గంటలట. అంటే ఎనిమిది రోజుల ఎనిమిది గంటలు. అన్ని వేలు పోసి కొన్నది తాను వినకుండా చొక్కాలకు వినిపిస్తున్నాడు!

దీనికి బర్న్ ఇన్ అని పేరు. కొత్త ప్లేయరు గొంతు బిగుసుకుని ఉంటుందట, వందల గంటలు మోగిస్తే విచ్చుకుంటుందట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈ పెనం.

(పెనం చేతిలోకి తీసుకుని)

కొత్త ఇనుప పెనం మీద మొదటి దోసె గతి మీకు తెలుసు. నూనె రాసి, కాల్చి, ఉల్లిపాయ ముక్కతో రుద్ది, మళ్లీ కాల్చి వాడుకలో పడేస్తాం. వేడికి నూనె గట్టిపడి పలుచని పొరలా ఇనుముకు పట్టుకుంటుంది. ఇది నమ్మకం కాదు, కంటితో చూసుకోవచ్చు. కాబట్టి ప్లేయరు మీద నా ప్రశ్న ఒక్కటే: ఇందులో నూనె పొర ఎక్కడ?

పాట లోపల అంకెలుగా ఉంటుంది. సీడీ నాణ్యత పాటైతే ఎడమ, కుడి చానెళ్లలో ఒక్కోదానికి సెకనుకు 44,100 అంకెలు, ఒక్కో అంకె 65,536 మెట్లలో ఏదో ఒకటి. డాక్ అనే చిప్ ఆ అంకెలను విద్యుత్తుగా మారుస్తుంది, ఆంప్లిఫయర్ దానికి బలం ఇస్తుంది. ఇందులో సాగేది లేదు, వదులయ్యేది లేదు, మెత్తబడేది లేదు. క్యాలిక్యులేటరును వారం రోజులు ఆన్ చేసి ఉంచితే కూడికలు తియ్యగా వస్తాయా?

పాత రోజుల సంగతి వేరు అంటారేమో. 1979లో సోనీ వాక్‌మ్యాన్ వచ్చినప్పుడు అందులో మోటారు, బెల్టు, రబ్బరు చక్రం ఉండేవి. నిజమే, అవి కదిలే భాగాలు. కానీ వాడేకొద్దీ ఏమయ్యేది? బెల్టు సాగేది, పాట ఈడ్చుకుంటూ నడిచేది. అక్కడ కూడా వాడకం ఇచ్చింది అరుగుదలే.

అవతలి పక్షం దగ్గర ఉన్న గట్టి వాదన కెపాసిటర్లు, అంటే విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగాలు. అల్యూమినియం రేకు మీద సన్నని ఆక్సైడ్ పొర ఉండే రకం కెపాసిటరు చాలాకాలం పడి ఉంటే ఆ పొర కాస్త బలహీనపడుతుంది, విద్యుత్తు తగిలితే మళ్లీ కట్టుకుంటుంది. అమ్మయ్య, ఒక పొర దొరికింది! కానీ అది కట్టుకునేది నిమిషాల్లో. దానికి ఎనిమిది రోజుల బీరువా వాసం అక్కర్లేదు.

పోనీ, ఏదో ఒక భాగం అణుమాత్రం మారిందే అనుకుందాం. ఆ మార్పు ఎప్పుడూ మంచివైపే ఎందుకు జరగాలి? “200 గంటలు మోగించాను, పాట పాడైపోయింది” అని ఒక్కరైనా అనగా విన్నారా? నేను వినలేదు. కెపాసిటరుకు సంగీత జ్ఞానం ఉండదండీ.

200 గంటలయ్యాక పాట మెరుగైందని మా తమ్ముడు అన్నాడు. మరి వాడికి తేడా నిజంగా ఎలా వినిపించింది? వాడు అబద్ధం చెప్పడం లేదు. మళ్లీ పెనం దగ్గరికే రండి. నెల తర్వాత దోసెలు బాగా వస్తున్నాయంటే అందులో సగం పెనం గొప్ప, సగం చెయ్యి కుదరడం. గరిటె ఎంత తిప్పాలో, మంట ఎప్పుడు తగ్గించాలో చేతికి తెలిసింది. ప్లేయరు విషయంలో కుదిరేది చెవి. కొత్త ధ్వనికి మెదడు అలవాటు పడుతుంది. వారం కిందటి ధ్వని సూక్ష్మంగా గుర్తుండదు, గుర్తుందని మాత్రం అనిపిస్తుంది. పైగా వాల్యూం రవ్వంత ఎక్కువైతే చాలు, నాణ్యత పెరిగినట్టు వినిపిస్తుంది.

ఒక పక్కమాట. కొన్ని ఖరీదైన ప్లేయర్ల తయారీదారులే ఇన్ని గంటలు మోగించమని సలహా ఇస్తారు. రోజుకు రెండు గంటలు వినేవారికి 200 గంటలంటే 100 రోజులు. అప్పటికి వస్తువు వాపసు గడువు ఎప్పుడో దాటిపోతుంది. నేనేమీ అనలేదు.

(గడియారం చూసి) టైం అయిపోతోంది, త్వరగా చెప్పేస్తాను. అసలు పెనం ఏదైనా ఉంటే అది హెడ్‌ఫోను. అందులో పలుచని పొర నిజంగా కదులుతుంది, చెవి మెత్తలు నొక్కుకుని తల ఆకారానికి సర్దుకుంటాయి. అమెరికన్ సమీక్షకుడు టిల్ హెర్ట్‌సెన్స్ ఏకేజీ క్యూ701 హెడ్‌ఫోనును మోగిస్తూ కొలిస్తే మార్పు కనిపించింది, కానీ చాలా చిన్నది. హెడ్‌ఫోనును తల మీద కాస్త జరిపినా ధ్వని మారుతుంది. బర్న్ ఇన్ అనే మాట చిప్‌ల పరిశ్రమలోనూ ఉంది. అక్కడ వేడిలో నడిపేది బలహీనమైన చిప్‌లు ముందే చచ్చిపోవడానికి, బతికినవాటికి సంగీతం నేర్పడానికి కాదు. ఇక బ్యాటరీ. చార్జరు తగిలించకుండా మోగిస్తే, ఒక చార్జికి పది గంటల చొప్పున 200 గంటలకు ఇరవై చార్జిల ఆయుష్షు, వినకుండానే ఖర్చు.

పరీక్ష కూడా చేశాం. వాడి స్నేహితుడు అదే ప్లేయరును ఆ వారమే కొన్నాడు, పెట్టె ఇంకా తెరవలేదు. రెండింటి వాల్యూం కొలిచి సమానం చేసి, మా వాడి కళ్లకు గంతలు కట్టి, అదే హెడ్‌ఫోనుతో, అదే పాటతో, పన్నెండు సార్లు అడిగాను. ఆరు సరిగ్గా చెప్పాడు. బొమ్మా బొరుసూ వేసినా అన్నే వచ్చేవి.

గంతలు విప్పుకుని ఏమన్నాడో తెలుసా? “జలుబుగా ఉంది అన్నయ్యా, ఇవాళ లెక్కలోకి రాదు.”