ఇంటి దగ్గర ఉండి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చదవాలనుకునేవాళ్లకు

శ్రోతలందరికీ నమస్కారం.

ఉద్యోగం చేసుకుంటూనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో ఒక సర్టిఫికెట్ తెచ్చుకోవాలని చూస్తున్నవాళ్లు మన హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు సాఫ్ట్‌వేర్ వాళ్లే కాదు, కోకాపేటలో టవర్లు కడుతున్న సివిల్ ఇంజినీర్లు, జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో కొత్త మెషీన్లు బిగించేవాళ్లు, ఆసుపత్రిలో కొత్త బ్లాకు కడుతుంటే ఆ బరువంతా నెత్తిన వేసుకున్న అడ్మిన్ వాళ్లు, అందరూ ఉన్నారు. ఎవరిని కదిపినా మొదట అడిగేది ఒక్కటే, ఏ కోర్సు మంచిది, ఎంతవుతుంది అని. నేను మాత్రం వాళ్లను తిరిగి ఒకటి అడుగుతాను. ఇన్నాళ్లూ మీరు చేసిన పని ఎక్కడైనా రాసిపెట్టుకున్నారా? దూరవిద్యలో మాస్టారు ఎదురుగా ఉండరు, నిజమే, కానీ ఈ సబ్జెక్టులో పాఠం మీరు రోజూ వెళ్లే సైటులోనే, ఆఫీసులోనే ఉంటుంది. దాన్ని గుర్తుపట్టి చదివినవాళ్లకు ఇది బాగా ఒంటబడుతుంది. గుర్తుపట్టకుండా వీడియోలు ఎన్ని చూసినా పరీక్ష హాల్లో ఒక్కటీ గుర్తుకురాదు.

దూరవిద్య మన ఊరికి కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఇక్కడే మొదలైంది, ఇప్పుడు దాన్ని అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నాం. దాని తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రామిరెడ్డిగారే ఆ తర్వాత ఢిల్లీలో ఇగ్నోకీ తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఉస్మానియాలో ఉత్తరాల ద్వారా చదువు చెప్పడం అంతకన్నా ముందే, 1977లోనే మొదలైంది. కాబట్టి దూరవిద్య అనగానే తక్కువ చదువు అనుకునే వాళ్ల మాట మీరు పట్టించుకోవద్దు. పొద్దున డ్యూటీ, రాత్రి పుస్తకం పెట్టుకుని పైకొచ్చినవాళ్లు ఈ ఊళ్లో ప్రతి ఆఫీసులోనూ కనిపిస్తారు.

అయితే డిగ్రీ వేరు, సర్టిఫికేషన్ వేరు. ప్రమోషన్‌కి పీజీ కావాలని మీ ఆఫీసు రూల్ ఉంటే విశ్వవిద్యాలయంలోనే చేరాలి. అలా చేరేముందు ఆ కోర్సును దూరవిద్యలో నడపడానికి యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో అనుమతి ఉందో లేదో బ్యూరో సైట్‌లో మీరే స్వయంగా చూసుకోండి, ఫోన్‌లో కౌన్సెలర్ ఉందన్నాడని ఫీజు కట్టకండి. మీ పనికి తగ్గ గుర్తింపు, కంపెనీ మారేటప్పుడు చెప్పుకోవడానికి ఒక పేరు కావాలంటే సర్టిఫికేషన్ చాలు. బ్రిటన్ పద్ధతి ప్రిన్స్ 2 ఉంది, యూరప్ క్లయింట్లతో పనిచేసేవాళ్లకు అది పనికొస్తుంది. మన దగ్గర ఎక్కువమంది రాసేది మాత్రం పీఎంపీ, అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్. ఇది అమెరికాలో 1969లో పుట్టిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, అంటే పీఎంఐ, 1984 నుంచి ఇస్తున్న సర్టిఫికెట్. ఇవాళ నేను ఎక్కువగా దీని గురించే మాట్లాడతాను.

పీఎంపీకి డిగ్రీ చదివినవాళ్లయితే ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు ఉండాలి, ఇంటర్ లేదా డిప్లొమాతో ఆగినవాళ్లయితే 60 నెలలు. ఆ పైన 35 గంటల క్లాసు. ఈ 35 గంటలు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పూర్తిచేయొచ్చు, దానికి సవాలక్ష మార్గాలున్నాయి. మనవాళ్లు జంకేదల్లా ఆ 36 నెలల దగ్గరే. "నా హోదా ప్రాజెక్ట్ మేనేజర్ కాదండీ, సీనియర్ ఇంజినీర్ మాత్రమే" అంటారు. ఇక్కడ చూసేది హోదా కాదు, మీరు చేసిన పని. ప్రాజెక్టును ముందుండి నడిపారా, నలుగురితో పని చేయించారా, గడువుకు, ఖర్చుకు మీరు జవాబు చెప్పారా, అదీ లెక్క. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు నడిపినా అది ఒక్క నెల కిందే వస్తుంది, ఆ ఒక్క విషయం గుర్తుంచుకోండి.

ఆ అనుభవాన్ని అప్లికేషన్‌లో రాయాలి, నన్నడిగితే అసలు చదువు అక్కడే మొదలవుతుంది. చాలామంది "సైట్ పనులు పర్యవేక్షించాను, క్లయింట్‌తో మాట్లాడాను" అని రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. అలా కాదు. ఒక తెల్లకాగితం తీసుకుని, ఈ ప్రాజెక్టు ఎందుకు మొదలైంది, ఏం అప్పగించాలని ఒప్పుకున్నాం, ఎవరెవరి దగ్గర సంతకాలు తీసుకున్నాం, మధ్యలో ఏం మారింది, ఆ మార్పు ఎవరు ఒప్పుకున్నారు, డబ్బు ఎక్కడ పెరిగింది, చివర్లో ఎలా అప్పగించాం, ఇవన్నీ ముందు మీకు వచ్చిన తెలుగులోనే రాయండి. రాసేటప్పుడు కొన్ని చోట్ల కలం ఆగుతుంది. ఉదాహరణకు ఫలానా మార్పు ఎవరు ఒప్పుకున్నారో మీకే గుర్తుండదు, ఎవరో ఫోన్‌లో చెప్పారు, మీరు చేసేశారు. సరిగ్గా అక్కడే మీకు పుస్తకం అవసరం పడింది అన్నమాట, ఆ చాప్టర్ ముందు తీయండి, మొదటి పేజీ నుంచే చదవాలని ఎక్కడా లేదు. అనుభవం లేకపోయినా మేమే నింపి పంపిస్తాం అని ప్రకటనలిచ్చేవాళ్ల జోలికి మాత్రం పోకండి. పీఎంఐ కొన్ని అప్లికేషన్లను తీసి ఆడిట్ చేస్తుంది, అప్పుడు మీ పాత ఆఫీసువాళ్లే ఆ వివరాలు నిజమని చెప్పాలి. దాన్ని అలా ఉంచినా, చేయని పనిని చేసినట్టు రాయించుకుంటే నేర్చుకోవడానికి ఇక మిగిలేదేముంది?

లెక్కలంటే భయపడేవాళ్ల కోసం ఒకటి విడమరిచి చెప్తాను. క్రిటికల్ పాత్ అని ఒకటుంటుంది. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీలో తయారైన పద్ధతి ఇది. ఇల్లు కట్టించినవాళ్లకు దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. సెంట్రింగ్ కొట్టాలి, స్టీలు కట్టాలి, ఎలక్ట్రీషియన్ వచ్చి పైపులు వేయాలి, అప్పుడు స్లాబ్ పోయాలి. ఎలక్ట్రీషియన్ పని ఒక్కరోజే, కానీ ఆ రోజు అతను రాకపోతే స్లాబ్ ఆగుతుంది, రెడీమిక్స్ వాళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పాలి, తర్వాతి పనులన్నీ ఒక్కరోజు వెనక్కి జరుగుతాయి. అదే సమయంలో వడ్రంగి తన షెడ్డులో కిటికీ ఫ్రేములు చేస్తుంటాడు, అతను నాలుగు రోజులు ఆలస్యం చేసినా ఇంటి గడువు కదలదు, ఎందుకంటే ఆ ఫ్రేములు పెట్టడానికి ఇంకా టైముంది. ఎలక్ట్రీషియన్ ఉన్నది క్రిటికల్ పాత్ మీద. వడ్రంగికి ఉన్న ఆ వెసులుబాటే ఫ్లోట్. పుస్తకంలో గీతలు, డబ్బాలు, అంకెలతో ఏడెనిమిది పేజీలు ఉండేది ఇదే. మీ పనిలో అలాంటి ఎలక్ట్రీషియన్ ఎవరో ముందు కనుక్కుని, తర్వాత ఆ పేజీలు చదవండి.

ఇంకొకటి ఎర్న్‌డ్ వేల్యూ. పేరు వింటేనే టెన్షన్ పడతారు. ఒక ఆఫీసుకు ఇంటీరియర్ పని ఒప్పుకున్నారు, 20 లక్షలు, నాలుగు నెలలు, ఏ నెలకానెల సమానంగా పని. రెండు నెలలయ్యేసరికి 10 లక్షలు ఖర్చయింది. సగం టైము, సగం డబ్బు, అంతా బాగానే ఉందని ఓనర్ అనుకుంటాడు. కానీ వెళ్లి చూస్తే నిజంగా పూర్తయిన పని విలువ 8 లక్షలే, ఎర్న్‌డ్ వేల్యూ అంటే ఇదే. 8ని 10తో భాగిస్తే 0.8, అంటే పెట్టిన ప్రతి రూపాయికీ ఎనభై పైసల పనే వచ్చింది. ఇదే తీరున నడిస్తే మొత్తం 20 లక్షలను 0.8తో భాగించండి, 25 లక్షలవుతుంది. ఐదు లక్షలు మీద పడబోతోందని రెండో నెలలోనే తెలిసిపోయింది. నాలుగో నెలలో తెలిస్తే ఎవరు ఎవర్ని తిడతారో మీకు తెలుసు. ఈ లెక్కకు కావాల్సింది ఐదో తరగతి భాగహారం, దాంతోపాటు పని ఎంతయిందో నిజం చెప్పే మనిషి.

పరీక్ష గురించి. 2021 జనవరిలో తెచ్చిన పద్ధతిలో 180 ప్రశ్నలు, 230 నిమిషాలు, మధ్యలో పదేసి నిమిషాల విరామాలు రెండు. విరామానికి వెళ్లాక ముందు భాగానికి మళ్లీ వెనక్కి రావడం కుదరదు. పనిని చిన్న చిన్న విడతలుగా చేసి చూపిస్తూ, అవసరమైతే మార్చుకుంటూ పోవడం అజైల్, దాన్ని ముందే అంతా ప్లాన్ వేసుకునే పాత పద్ధతితో కలిపితే హైబ్రిడ్. ప్రశ్నల్లో దాదాపు సగం ఈ రెండు పద్ధతుల నుంచి వస్తాయి కాబట్టి సివిల్ వాళ్లు అది సాఫ్ట్‌వేర్ వాళ్ల గొడవలే అని వదిలేయకూడదు. ఈ పరీక్ష రూపం కొన్నేళ్లకోసారి మారుతూ ఉంటుంది, మీరు రాసే నాటికి ఏది నడుస్తోందో పీఎంఐ సైట్‌లో చూసుకోండి. కోఠీలో సెకండ్ హ్యాండ్ పుస్తకం కొనేటప్పుడు ధర కన్నా ముందు ముద్రించిన సంవత్సరం చూడండి.

ఇక్కడ బట్టీ పనిచేయదు. ఇంటర్ నుంచీ మనకు అలవాటైన చదువు వేరు, ఇది వేరు. ప్రశ్న ఒక సన్నివేశంలా ఉంటుంది. క్లయింట్ నేరుగా మీ టీంలో ఒకరికి ఫోన్ చేసి "ఇక్కడ ఇంకో గది పెంచండి" అన్నాడు, పని మొదలైపోయింది, మీరేం చేస్తారు? మనకు తట్టేవి రెండే, పెద్దాయన కదా అని చేసేయడం, లేదంటే మేనేజర్‌కి చెప్పి చేతులు దులుపుకోవడం. పరీక్షలో ఈ రెండూ తప్పే. ముందు ఆ మార్పు వల్ల గడువుకు, ఖర్చుకు ఏమవుతుందో చూడాలి, తర్వాత మార్పుల కోసం ముందే అనుకున్న పద్ధతిలో పెట్టాలి, ఒప్పుకుంటే ప్లాన్ మార్చాలి, అప్పుడు పని. ఇలాంటి ప్రశ్న తప్పుపోతే సరైన జవాబు గుర్తుపెట్టుకుంటే చాలదు, మీరు పెట్టిన జవాబు ఎందుకు కాదో పక్కన ఒక వాక్యం రాసుకోండి. నా దృష్టిలో నమూనా పరీక్షలు పది రాయడం కన్నా మూడు రాసి, తప్పులన్నింటినీ ఇలా తరచి చూడటం మేలు.

తెలుగులో ఈ పరీక్ష లేదు, ఇంగ్లిష్‌లోనే రాయాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు దీనికే వెనక్కి తగ్గుతుంటారు, అది నాకు బాధగా ఉంటుంది. ఆ ఇంగ్లిష్‌లో కవిత్వం ఉండదు, ఆఫీసు మెయిల్స్‌లో చూసే మాటలే. కష్టం పొడుగు వాక్యాలతోనే. అందుకని ప్రశ్నలో ఆఖరి వాక్యం ముందు చదివి, అడిగిందేమిటో తెలుసుకుని, పైకి వెళ్లండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఆదివారం కూర్చుని అవే ప్రశ్నల మీద తెలుగులో వాదించుకోండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్తే గ్రూప్స్‌కి చదివే పిల్లలు చెట్ల కింద, మెట్ల మీద ఎలా కూర్చుంటారో చూస్తారు, ఆ పట్టుదల చూస్తే మనకూ చదవాలనిపిస్తుంది. ఒంటరితనమే దూరవిద్యకు అసలు శత్రువు, సిలబస్ కాదు. ఇంట్లోవాళ్లకు కూడా ఫలానా గంట నాది అని ముందే చెప్పండి, ముఖ్యంగా ఆడవాళ్లు, ఆ గంటను ఎవరికీ వదులుకోకండి.

డబ్బు లేదని ఆగిపోకండి. ఎన్‌పీటెల్, స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల్లో మన ఐఐటీల అధ్యాపకులు చెప్పిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, సబ్జెక్టు మీకు నచ్చుతుందో లేదో అవి విన్నాక తేల్చుకుని అప్పుడు ఫీజు కట్టొచ్చు. ఇంకా 36 నెలలు నిండని కుర్రాళ్లకు పీఎంఐయే సీఏపీఎం అని ఇంకో సర్టిఫికెట్ ఇస్తుంది, దానికి అనుభవం అడగరు, 23 గంటల క్లాసు చాలు. అది పాసైనవాళ్లకు తర్వాత పీఎంపీకి ఆ 35 గంటలు మళ్లీ అక్కర్లేదు.

ఒక చిన్న విషయం, కానీ మన తెలుగువాళ్లకే ఎక్కువగా వచ్చే చిక్కు. మన పేర్లలో ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరంగా, ఇంకో చోట పూర్తిగా ఉంటుంది. పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా. పరీక్షకు అప్లై చేసిన పేరు, మీరు చూపించే గుర్తింపు కార్డు మీద పేరు ఒకేలా ఉండాలి, లేదంటే సెంటర్ గుమ్మం దగ్గరే ఆపేస్తారు. స్లాట్ బుక్ చేసే ముందే సరిచూసుకోండి. ఇంటి నుంచి కెమెరా ముందు కూర్చుని కూడా రాయొచ్చు గానీ, కరెంటు, నెట్, పక్కింటి మైకు, వీటి మీద మీకు భరోసా ఉంటేనే. నేనైతే సెంటర్‌కే వెళ్లమంటాను.

పాసయ్యాక మూడేళ్లకోసారి 60 పీడీయూలు, అంటే అన్ని గంటల చదువో సేవో చూపించి రెన్యూ చేసుకోవాలి. పీఎంఐకి హైదరాబాద్‌లో పెర్ల్ సిటీ చాప్టర్ అనే స్థానిక శాఖ ఉంది, వాళ్ల సమావేశాలకు వెళ్తే ఈ గంటలు కలిసొస్తాయి. పాసయ్యేదాకా ఆగక్కర్లేదు, చదువుతున్నప్పుడే ఒకసారి వెళ్లండి. బ్రిడ్జిలు కట్టేవాళ్లూ, మందుల కంపెనీవాళ్లూ, బ్యాంకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని గడువుల గురించి మాట్లాడుకుంటుంటే, మీ సందేహం ఇంకో రంగంలో ఎవరికో ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, అడిగితే చెప్తారు.

ఉంటాను. నమస్కారం.